యుద్ధం మధ్యలో యూనియన్: సైగాన్ కార్మికుల కథ

వియత్నాం యుద్ధం గురించి తెలుగులో చాలానే రాశారు, హో చి మిన్ గురించి, గెరిల్లాల గురించి, నాపామ్ బాంబుల గురించి. కానీ అదే యుద్ధంలో సైగాన్ పోర్టులో సరుకు దింపిన హమాలీలు, బట్టల మిల్లుల్లో షిఫ్టులు చేసిన ఆడవాళ్లు, కరెంటు కంపెనీ ఉద్యోగులు, మెకాంగ్ డెల్టాలో కౌలు చేసుకున్న రైతులు, వీళ్లందరికీ కూడా ఒక యూనియన్ ఉండేది, అదీ చిన్నదేం కాదు, లక్షల్లో సభ్యత్వం చెప్పుకున్న సీవీటీ అనే సమాఖ్య, దాని సంగతి మాత్రం మన దగ్గర దాదాపు ఎవరికీ తెలీదు. కమ్యూనిస్టులు దాన్ని అమెరికా తొత్తు అన్నారు, సైగాన్ జనరల్సేమో ఇది రేపు మన మీదకే వస్తుందేమో అని అనుమానంగా చూశారు. రెండింట్లోనూ కొంత నిజముంది. యుద్ధం నడిచే దేశంలో రోజుకూలి పెంచమని అడగడం కూడా నువ్వు ఏ పక్షం అనే ప్రశ్నగా మారిపోతుంది, ఆ ఒత్తిడి తట్టుకోడానికి యూనియన్ ఎవరో ఒక పెద్ద దిక్కుని వెతుక్కుంటుంది, ఆ దిక్కు చూపించిన అండకి లెక్క తర్వాత తేలుతుంది. దక్షిణ వియత్నాంలో సరిగ్గా ఇదే జరిగింది.

కొంచెం వెనక్కి వెళ్తేగానీ ఇది అర్థం కాదు. ఫ్రెంచివాళ్ల కాలంలో వియత్నాం కార్మికుడికి యూనియన్ పెట్టుకునే హక్కే లేదు. ఐనా సమ్మెలు ఆగలేదు. 1925 ఆగస్టులో సైగాన్ బా సోన్ షిప్‌యార్డులో కార్మికులు పని ఆపేశారు, చైనా వైపు వెళ్లాల్సిన ఒక ఫ్రెంచి యుద్ధనౌక రిపేరు అక్కడే జరుగుతోంది, ఆ సమ్మె నడిపినవాళ్లలో చెప్పుకునే పేరు తోన్ దుక్ తాంగ్, ఈయనే తర్వాత హో చి మిన్ చనిపోయాక దేశాధ్యక్షుడయ్యాడు. అంటే జీతం గొడవా సామ్రాజ్యం గొడవా మొదటినుంచీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉన్నాయి.

రబ్బరు తోటల సంగతి ఇంకా ఘోరం. ఉత్తరాన టోంకిన్ పల్లెల్లో కరువులో ఉన్నవాళ్లకి అడ్వాన్స్ చేతిలో పెట్టి, కాంట్రాక్టు మీద వేలిముద్ర వేయించుకుని, ఓడెక్కించి దక్షిణాది తోటలకి తోలేవాళ్లు, అక్కడ మలేరియా, మేస్త్రీల దెబ్బలు, పారిపోదామంటే చుట్టూ అడవి. ఈ కూలీల రిక్రూట్‌మెంట్‌లో పేరుమోసిన బాజాన్ అనే ఫ్రెంచి ఏజెంటుని 1929 ఫిబ్రవరి 9న హనోయ్‌లో నేషనలిస్టులు కాల్చి చంపారంటే జనానికి ఆ వ్యాపారం మీద ఎంత కసి ఉండేదో తెలుస్తుంది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో టైర్ల కంపెనీ మిషెలిన్‌కి చెందిన ఫూ రియెంగ్ తోటలో కూలీలు తిరగబడి కొన్నిరోజులపాటు తోటని తమ చేతుల్లో పెట్టుకున్నారు. కొట్టడం ఆపాలి, పని గంటలు తగ్గించాలి, కాన్పు ఐన ఆడవాళ్లకి సెలవివ్వాలి, ఇలాంటివే అడిగింది. దాన్ని నడిపిన త్రాన్ తు బిన్ అనే కుర్రాడు అంతకుముందు క్యాథలిక్ సెమినరీలో చదువుకున్నవాడు, ఒక దేశభక్తుడు చనిపోతే సంతాపం పాటించాడని అక్కణ్నుంచి వెళ్లగొట్టారు. మిలిటరీ దిగింది, అతన్ని కాన్ దావ్ ద్వీపం జైలుకి పంపించారు. ఆ జైలే తర్వాత కమ్యూనిస్టులకి బడి అయింది. 1936 నవంబర్లో కామ్ ఫా, హోన్ గాయ్ బొగ్గు గనుల్లో దాదాపు 30,000 మంది పని ఆపేసి జీతాలు పెంచుకున్నారు, నవంబర్ 12ని అక్కడి గని కార్మికులు ఇప్పటికీ పండగలాగా జరుపుకుంటారు.

ఇలా 1930ల నాటికే కమ్యూనిస్టులు కార్మికుల్లో బాగా పాతుకున్నారు. 1929 జులై 28న హనోయ్‌లో పెట్టిన రెడ్ ట్రేడ్ యూనియన్నే ఇవాళ్టి అధికార సమాఖ్య తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. మరి కమ్యూనిస్టేతర యూనియన్ ఎక్కణ్నుంచి వచ్చింది? ఇక్కడే త్రాన్ క్వోక్ బూ వస్తాడు. ఈయనా ఫ్రెంచివాళ్లకి వ్యతిరేకంగా పనిచేసి కాన్ దావ్ జైల్లో మగ్గినవాడే, కొంతకాలం వియెత్ మిన్‌తో, అంటే కమ్యూనిస్టులు నడిపిన స్వాతంత్ర్య పోరాట కూటమితో, కలిసి నడిచి తర్వాత పొసగక బయటికొచ్చాడు. సైగాన్లో జిల్బేర్ జువాన్ అని ఒక ఫ్రెంచి కస్టమ్స్ ఉద్యోగి, ఫ్రాన్సులోని క్రైస్తవ కార్మిక సంఘాల మనిషి, ఇద్దరూ కలిసి చాటుగా యూనియన్లు కట్టడం మొదలుపెట్టారు. 1952లో ఫ్రెంచివాళ్ల అండతో నడిచిన బావో దాయ్ ప్రభుత్వం లేబర్ కోడ్ తెచ్చి యూనియన్లని చట్టబద్ధం చేసేసరికి వీళ్ల సమాఖ్య రెడీగా ఉంది. పేరులో క్రైస్తవం ఉంది, నాయకుడు బూ మాత్రం బౌద్ధుడు. 1964లో ఆ క్రైస్తవ ముక్క తీసేశారు, అప్పణ్నుంచి అందరూ సీవీటీ అనే పిలిచారు, వియత్నాం కార్మిక సమాఖ్య అన్న ఫ్రెంచి పేరుకి అది పొట్టి రూపం.

ఆ రోజుల్లో ప్రపంచంలో ప్రతిచోటా కార్మిక సంఘాలు ఇలాగే చీలుతున్నాయి. మన దగ్గర 1947లో కమ్యూనిస్టుల ఏఐటీయూసీకి పోటీగా కాంగ్రెస్ వైపు ఐఎన్‌టీయూసీ వచ్చింది, 1949లో ప్రపంచ కార్మిక సంఘాల ఫెడరేషన్ రెండు ముక్కలైంది, కోల్డ్ వార్ కదా. తేడా ఏంటంటే మన దగ్గర ఆ చీలిక ఎన్నికల దాకా, గేటు మీటింగుల దాకా, కొన్నిసార్లు కొట్లాటల దాకా వెళ్లింది, వియత్నాంలో మాత్రం చీలికకి అటూ ఇటూ రెండు సైన్యాలున్నాయి.

1954లో దేశం రెండయ్యాక ఉత్తరాన కమ్యూనిస్టుల ప్రభుత్వం, దక్షిణాన అధికారంలోకి న్గో దిన్ దియెమ్ వచ్చాడు. బూకి దియెమ్ తమ్ముడు న్గో దిన్ నూతో ముందునుంచే దోస్తీ, నూ పెట్టిన కాన్ లావ్ పార్టీ మొదటివాళ్లలో బూ ఒకడు. ఆ పార్టీ పేరులోనే శ్రమ ఉంది కానీ అధికారం చేతికొచ్చాక అది ప్రభుత్వ ఉద్యోగుల మీద, ఆఫీసర్ల మీద నిఘా పెట్టే రహస్య యంత్రంగా తయారైంది. బూ మెల్లగా దూరం జరిగాడు గానీ పూర్తిగా తెగతెంపులు చేసుకోలేదు, చేసుకుంటే సమాఖ్య బతికేది కాదు. 1963 నవంబర్లో దియెమ్‌నీ నూనీ సైన్యం చంపేశాక ఆ పాత దోస్తీయే సీవీటీ మెడకి చుట్టుకుంది. ఒక ప్రభుత్వం నీడన బతికితే ఆ ప్రభుత్వం కూలినప్పుడు ఇటుకలు నీ మీదా పడతాయి, బూకి ఆ పాఠం అప్పుడే తెలిసుండాలి. ఐనా ఆయన మళ్లీ మళ్లీ నీడ వెతుక్కుంటూనే పోయాడు, ఎందుకో ముందు ముందు చూద్దాం.

1964 సెప్టెంబర్ సమ్మె దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే సీవీటీ సొంత బలం ఎంతో బయటపడిన రోజులవి. ఆగస్టులో టోంకిన్ గల్ఫ్‌లో అమెరికా నౌకలకీ ఉత్తర వియత్నాం పడవలకీ గొడవ అయింది, అప్పటికి దక్షిణాన్ని ఏలుతున్న జనరల్ న్గుయెన్ ఖాన్ ఎమర్జెన్సీ పెట్టి సమ్మెలు నిషేధించాడు. అప్పుడే సైగాన్ శివార్లలో విమైటెక్స్ అనే బట్టల మిల్లులో యాజమాన్యానికీ కార్మికులకీ గొడవ ముదిరింది. సీవీటీ ఆ ఒక్క మిల్లు గొడవని పట్టుకుని సెప్టెంబర్ 21న జనరల్ స్ట్రైక్‌కి పిలిచింది, సమ్మె హక్కే ఇక్కడ అసలు విషయం అంది. వేలాదిమంది ఊరేగింపుగా రోడ్ల మీదకొచ్చారు, సైగాన్లో కరెంటు పోయింది, నీళ్లు ఆగిపోయాయి. దేశంలో యుద్ధం నడుస్తోంది, వారం కిందటే ఖాన్ మీద కొందరు సైనికాధికారులు తిరుగుబాటు చేసి విఫలమయ్యారు, అలాంటి టైములో రాజధానిని ఆపెయ్యగలిగింది ఒక యూనియన్. ప్రభుత్వం బేరానికి దిగక తప్పలేదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆ తిరుగుబాటులో బూకీ చెయ్యుందని కేసు పెట్టి, అక్టోబర్లో తిరుగుబాటు ఆఫీసర్లతో పాటు మిలిటరీ కోర్టులో నిలబెట్టారు. కేసు నిలవలేదు, వదిలేశారు. కానీ సమ్మెకి జవాబుగా రాజద్రోహం కేసు రావడం అనేది అక్కణ్నుంచి అలవాటైపోయింది, జనరల్స్ మారారు గానీ ఆ అలవాటు మారలేదు.

1965లో అమెరికా సైన్యం పెద్దఎత్తున దిగింది. కార్మికుడికి అది రెండు రకాలుగా తగిలింది. ఒకటి పని దొరికింది. రన్‌వేలు, పోర్టులు, బ్యారక్‌లు కట్టడానికి ఆర్ఎంకే-బీఆర్జే అనే అమెరికన్ కంపెనీల కూటమి వచ్చింది, 1966 మధ్యలో అందులో పనిచేసేవాళ్లు 50,000 దాటారు, ఎక్కువమంది వియత్నామీయులే. పల్లెల్లో బాంబులు పడుతుంటే జనం ఊళ్లు వదిలి సైగాన్, దా నాంగ్, కామ్ రాన్ చేరుకున్నారు, మగవాళ్లని సైన్యంలోకి పట్టుకుపోతే ఆడవాళ్లే సిమెంటు మోశారు, లారీలు నడిపారు. రెండోది ధరలు. డాలర్లు వచ్చిపడేసరికి బియ్యం, పంది మాంసం, ఇంటి అద్దె అన్నీ పైకెళ్లాయి, 1966 జూన్లో అక్కడి కరెన్సీ పియాస్టర్‌ని డాలరుకి 60 నుంచి 118కి దించేశారు, జీతాలు మాత్రం ఆ స్పీడులో పెరగలేదు. పైగా ఒకే సైట్లో ఒకే పనికి అమెరికనుకి ఒక జీతం, కొరియన్‌కీ ఫిలిప్పీనోకీ ఇంకోటి, సొంత దేశంలో ఉన్న వియత్నామీ కార్మికుడికి అన్నిటికంటే తక్కువ. ఇది చూసి ఏ కార్మికుడికి కడుపు మండదు.

అందుకే 1966, 67 అంతా సమ్మెలే. 1966 డిసెంబర్ చివర్లో సైగాన్ పోర్టు హమాలీలు పని ఆపేశారు, మిలిటరీ సరుకు దింపడానికి అమెరికన్ సైనికుల్ని పెట్టుకుని వందలమంది హమాలీల్ని తీసేశారన్నది గొడవ. మామూలు రోజుల్లో ఐతే ఇది ఉద్యోగ భద్రత గొడవ, లేబర్ ఆఫీసులో తేలేది. కానీ ఓడల్లో ఉన్నది మందుగుండు, ఆహారం, ఎదురుగా ఉన్నది అమెరికా ఆర్మీ. హమాలీ అడిగింది తన పని తనకిమ్మని, అవతలివాళ్లకి వినపడింది యుద్ధానికి అడ్డం పడుతున్నాడని. ఆ రెంటికీ మధ్య ఇరుక్కున్నది సీవీటీ నాయకత్వం, ఎందుకంటే వాళ్లు కమ్యూనిస్టు వ్యతిరేకులు, అమెరికా ఉండాలనే కోరుకున్నవాళ్లు, అదే టైములో అమెరికా వల్ల రోడ్డున పడ్డ కార్మికుల తరఫున మాట్లాడాల్సినవాళ్లు.

1968 జనవరిలో ఇంకోటి. టెట్ పండగ, అంటే వాళ్ల కొత్త సంవత్సరం, ముందు సైగాన్ కరెంటు కార్మికులు జీతాల కోసం సమ్మెకి దిగారు. ప్రభుత్వం సమ్మె చెల్లదంది, నాయకుల్ని అరెస్టు చేసింది. నెల తిరక్కుండానే కమ్యూనిస్టుల టెట్ దాడి జరిగింది, సైగాన్ వీధుల్లోకి యుద్ధం వచ్చేసింది, ఇంక యూనియన్ మాటెత్తితే చాలు అనుమానమే. ఆ జూన్లో జనరల్ మొబిలైజేషన్ చట్టం తెచ్చి 18 నుంచి 38 ఏళ్ల మగవాళ్లందరినీ సైన్యానికి అర్హుల్ని చేశారు, యూనియన్లకి అనుభవమున్న కార్యకర్తలు ఒక్కొక్కరే బ్యారక్‌లకి వెళ్లిపోయారు. పల్లెల్లో పరిస్థితి ఇంకోరకం, సీవీటీ కౌలు రైతుల సంఘం కార్యకర్తల్ని వియెత్ కాంగ్, అంటే దక్షిణాదిలోని కమ్యూనిస్టు గెరిల్లా దళం, ఏరి చంపేది, ఎందుకంటే భూమి గురించి రైతుతో మాట్లాడేవాడు ఎవడైనా వాళ్లకి పోటీదారే. పగలు పోలీసులు కమ్యూనిస్టు అని పట్టుకెళ్లేవాళ్లు, రాత్రి కమ్యూనిస్టులు సర్కారు మనిషని పట్టుకెళ్లేవాళ్లు. ఆ స్థితిలో పనిచేసిన మామూలు కార్యకర్తల ధైర్యాన్ని ఏ పక్షం చరిత్రా సరిగ్గా రాయలేదు, అది అన్యాయం.

ఇప్పుడు ఆ నీడ సంగతి. బూ వెతుక్కున్న పెద్ద దిక్కు అమెరికన్ కార్మిక సమాఖ్య ఏఎఫ్ఎల్-సీఐఓ. దాని అధ్యక్షుడు జార్జ్ మీనీ పచ్చి కమ్యూనిస్టు వ్యతిరేకి, వియత్నాం యుద్ధానికి గట్టిగా మద్దతిచ్చాడు. విదేశీ వ్యవహారాలు చూసిన జే లవ్‌స్టోన్ ఒకప్పుడు అమెరికా కమ్యూనిస్టు పార్టీని నడిపినవాడే, తర్వాత పూర్తిగా ఎదురు తిరిగాడు, అమెరికన్ యూనియన్ల విదేశీ పనులకి సీఐఏ డబ్బు అందిన సంగతి 1967లో పత్రికల్లో బయటపడింది. 1968లో ఆసియా కోసం ప్రత్యేకంగా ఆఫ్లీ అనే సంస్థ పెట్టారు, ఖర్చు ఎక్కువగా అమెరికా ప్రభుత్వ సహాయ నిధుల నుంచే. వియత్నాంలో ట్రైనింగులు, కోఆపరేటివ్‌లు, ఎరువులు, ఇలాంటి కార్యక్రమాలు నడిచాయి. సైగాన్ పోలీసులు యూనియన్ నాయకుణ్ని లోపలేస్తే వాషింగ్టన్ నుంచి ఫోనొచ్చేది. ఆ ఫోన్ విలువని తక్కువ చెయ్యకూడదు, దానివల్ల బతికి బయటపడ్డ మనుషులున్నారు. దక్షిణ వియత్నాంలో పార్టీలు, పత్రికలు, బౌద్ధ సంఘాలు అన్నీ దెబ్బతిన్న కాలంలో సీవీటీ తలుపులు తెరిచే ఉందంటే అదొక కారణం.

కానీ ఆ ఫోన్‌కి అలవాటుపడ్డ సంఘం 1964లో లాగా సైగాన్ మొత్తాన్ని ఆపే సాహసం మళ్లీ చెయ్యలేకపోయింది. 1968 జులైలో ప్రెసిడెంట్ న్గుయెన్ వాన్ థియూ కోసం కట్టిన లియెన్ మిన్ అనే రాజకీయ కూటమిలో సీవీటీ ఒక స్తంభం, దాని వెనకా సీఐఏ డబ్బే. 1971లో థియూ పోటీయే లేకుండా ఎన్నిక గెలిచాడు, బూ ఆయన పక్కనే నిలబడ్డాడు. వాటాలు ఇస్తాం, సంస్కరణలు చేస్తాం అన్న మాటలు విని సీవీటీ తన ఒకే ఒక ఆయుధాన్ని, పని ఆపే శక్తిని, మూలన పెట్టుకుంది. బూ మీద ఎంత గౌరవమున్నా ఇది తప్పు లెక్కే అనిపిస్తుంది, ఎందుకంటే థియూకి కావలసింది కార్మికుల ఓట్లు కూడా కాదు, అమెరికాకి చూపించుకోడానికి ఒక పేరు.

ఐతే అంతా నష్టమే అంటే అదీ నిజం కాదు. 1970 మార్చి 26న వచ్చిన 'దున్నేవాడికే భూమి' చట్టం సీవీటీ కౌలు రైతుల సంఘం ఎన్నాళ్లనుంచో అడుగుతున్నదే. భూస్వాములకి ప్రభుత్వం డబ్బు కట్టి, కౌలు రైతుకి దక్షిణాదిలో 3 హెక్టార్ల దాకా ఉచితంగా పట్టా ఇచ్చింది, మూడేళ్లలో పది లక్షల హెక్టార్ల వరకు చేతులు మారింది. తెలంగాణలో కౌలు చట్టాలు కాగితాల మీద ఎన్నేళ్లు నలిగాయో తెలిసినవాళ్లకి ఈ స్పీడు ఆశ్చర్యంగానే ఉంటుంది. కాకపోతే చాలా ఊళ్లలో వియెత్ మిన్ ముందే భూమి పంచేసి ఉంది, సైగాన్ ఇచ్చింది కొన్నిచోట్ల రైతు అప్పటికే దున్నుకుంటున్న పొలానికి కాగితమే. పదిహేనేళ్ల ముందు ఇదే పని చేసి ఉంటే యుద్ధం దారే మారేదేమో, దియెమ్ చెయ్యలేదు.

అమెరికాలో కార్మికులందరూ మీనీ వెనకే ఉన్నారనుకోవద్దు. 1970 మే 8న న్యూయార్క్‌లో బిల్డింగ్ కార్మికులు హెల్మెట్లతో వచ్చి యుద్ధ వ్యతిరేక విద్యార్థుల్ని కొట్టిన సంగతే అందరికీ గుర్తుంది, వాళ్ల నాయకుడు పీటర్ బ్రెనన్ని నిక్సన్ తర్వాత లేబర్ సెక్రటరీ చేశాడు. కానీ 1967 నవంబర్లోనే షికాగోలో వందలాది యూనియన్ నాయకులు శాంతి కోసం సభ పెట్టారు, పశ్చిమ తీరం పోర్టు కార్మికుల యూనియన్ మొదటినుంచీ యుద్ధాన్ని వ్యతిరేకించింది, ఆటో కార్మికుల యూనియన్ 1968లో సమాఖ్య నుంచే బయటికొచ్చేసింది. సైగాన్ కార్మికుడి పేరు మీద అమెరికాలో వాదించుకున్న రెండు వైపులవాళ్లూ అతన్ని అడిగింది తక్కువ.

మరి ఉత్తరాన? హో చి మిన్ ప్రభుత్వం 1947లో ఇచ్చిన లేబర్ డిక్రీలో సమ్మె హక్కు స్పష్టంగా ఉంది. 1957లో ట్రేడ్ యూనియన్ చట్టం కూడా వచ్చింది. కానీ హోయాంగ్ క్వోక్ వియెత్ లాంటి పార్టీ పెద్దలు నడిపిన యూనియన్ పని వేరే, ఉత్పత్తి పోటీలు పెట్టడం, రేషన్, క్వార్టర్స్, పిల్లల క్రెష్ చూసుకోవడం, కార్మికుల మిలీషియా కట్టడం. బాంబులు మొదలయ్యాక నామ్ దిన్ బట్టల మిల్లులో యంత్రాలు విప్పి పల్లెలకి తరలించి అక్కడ నేశారు, ఫ్యాక్టరీల్లో తుపాకులు పక్కనపెట్టుకుని పనిచేశారు, మగవాళ్లు ఫ్రంట్‌కి వెళ్తే మిల్లులన్నీ ఆడవాళ్ల మీదే నడిచాయి. ఆ త్యాగం నిజం, దాన్ని ఎవరూ కాదనలేరు. ఐతే ఆ త్యాగం చేసినవాళ్లకి జీతం చాలట్లేదని చెప్పుకోడానికి పార్టీ గుమ్మం తప్ప వేరే గుమ్మం లేదు. దక్షిణాన సమ్మె చేస్తే జైలు, ఉత్తరాన సమ్మె అన్న మాటే ఎవరి నోటా రాదు, కార్మికుడి వైపు నుంచి చూస్తే ఈ రెండూ పూర్తిగా వేరు వేరు కథలు కావు.

1975 ఏప్రిల్లో సైగాన్ పడిపోతున్నప్పుడు బూ అమెరికా వెళ్లిపోయాడు, సీవీటీ రద్దయింది, అందులో కొందరు రీఎడ్యుకేషన్ క్యాంపులకి వెళ్లారు. దేశానికంతటికీ ఒకే సమాఖ్య మిగిలింది. 1970ల చివర్లో దానికి అధ్యక్షుడిగా చేసిన న్గుయెన్ వాన్ లిన్ తర్వాత పార్టీ జనరల్ సెక్రటరీ అయి 1986 నుంచి దోయ్ మోయ్ అనే మార్కెట్ సంస్కరణలు నడిపాడు, విదేశీ ఫ్యాక్టరీలు వచ్చాయి, వాటితో పాటు సమ్మెలూ తిరిగొచ్చాయి. 1994 లేబర్ కోడ్ సమ్మె హక్కు ఇచ్చింది, కాకపోతే అధికార యూనియన్ పిలిస్తేనే చెల్లేది, ఆ యూనియన్ దాదాపు ఎప్పుడూ పిలిచేది కాదు. దాంతో కార్మికులు ఎవర్నీ అడక్కుండానే గేటు బయటికొచ్చేసేవాళ్లు. విదేశీ కంపెనీల్లో కనీస వేతనం 1999 నుంచి కదల్లేదు, 2005 చివర్లో సైగాన్ చుట్టుపక్కల వేలాదిమంది పని ఆపేస్తే 2006 ఫిబ్రవరికల్లా దాదాపు 40 శాతం పెరిగింది. 2011లో ఒక్క ఏడాదే 900కి పైగా సమ్మెలు జరిగాయి.

2015 మార్చిలో హో చి మిన్ సిటీలో, అంటే పాత సైగాన్లో, పౌ యుయెన్ బూట్ల ఫ్యాక్టరీ, నైకీ, అడిడాస్‌కి కుట్టే పెద్ద ఫ్యాక్టరీ, అక్కడ వేలకి వేలమంది రోడ్డు మీదకొచ్చారు. గొడవ జీతం మీద కాదు, కొత్త సోషల్ ఇన్సూరెన్స్ చట్టంలో 60వ ఆర్టికల్ మీద, ఉద్యోగం మానేసినప్పుడు మన పీఎఫ్ లాగా ఒకేసారి తీసుకునే డబ్బుని ఆపేస్తున్నారని. పార్లమెంటు మూడు నెలల్లో వెనక్కి తగ్గింది. యూనియన్ పిలవని సమ్మె ఒక జాతీయ చట్టాన్ని మార్పించింది. అడిడాస్‌కే మన తడ దగ్గర కూడా బూట్లు కుడుతున్నారు, అక్కడి కుట్టు లైనుకీ ఇక్కడి కుట్టు లైనుకీ ఆర్డర్ల పోటీ ఉంటుంది, కాబట్టి వియత్నాం కార్మికుడికి ఎంత బేరమాడే శక్తి ఉందన్నది మనకీ సంబంధించిన విషయమే.

యూరప్‌తో, పసిఫిక్ దేశాలతో వ్యాపార ఒప్పందాల కోసం 2019 లేబర్ కోడ్‌లో ఫ్యాక్టరీ స్థాయిలో అధికార సమాఖ్య బయట కూడా కార్మికులు సంఘం పెట్టుకోవచ్చని రాశారు, 2021 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. కానీ అలాంటి సంఘాన్ని ఎలా రిజిస్టర్ చెయ్యాలో చెప్పే డిక్రీ 2024 చివరికి కూడా రాలేదు, 2024 నవంబర్లో పాస్ చేసిన కొత్త ట్రేడ్ యూనియన్ చట్టమేమో కంపెనీలు జీతాల బిల్లులో 2 శాతం అధికార యూనియన్‌కి కట్టాలన్న రూలుని అలాగే ఉంచింది.